ఎవరో అడ్డం నిలబడ్డారు

పాత రైలు ఫోటోలను స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రపరిచే ఉద్యోగం కోడలిది. ఏ ఫోటోలో ఏముందో చెప్పడానికి ఇంట్లోనే మామగారున్నారు. ముప్పై ఏళ్లు ఇంజిన్ నడిపిన మనిషి. చక్రాలు చూసి ఇంజిన్ నంబరు ఠక్కున చెప్పేస్తారు గానీ, పక్కనున్న మనుషులెవరంటే మాత్రం నీళ్లు నములుతారు.

ఆ ఉదయం తెర మీదికి ఒక ఫోటో వచ్చింది. అందులో ఒక ఇంజిన్, దాని ముందు క్యారియర్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి.

"నా బండే! రాసుకోమ్మా, నంబరు నాలుగువందల పన్నెండు. బాయిలర్ మార్చిన కొత్తలో తీసింది. ఎవరో అడ్డం నిలబడ్డారు, లేకపోతే ముందు చక్రం కూడా కనబడేది."

కోడలు పొల్లుపోకుండా టైపు చేసింది. ఆ అమ్మాయి చెంప మీది పుట్టుమచ్చ తను రోజూ చూసేదే. అయినా మామగారితో ఆ మాట అనకుండా, "అత్తయ్యా, ఒకసారి ఇలా రండి" అని వంటింటివైపు కేకేసింది.

అత్తగారు వచ్చి ఫోటో చూశారు, కింద రాసింది చదివారు. మామగారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు.

"అదంతా కొట్టేయమ్మా" అన్నారు అత్తగారు తాపీగా. "పెళ్లయిన కొత్తలో మీ అత్తయ్య అని రాయి. వెనకాల ఏదో ఇంజిన్ ఉంది, నంబరు తెలియదు."