మొదటి వరస

తడిగుడ్డతో బోర్డు రెండోసారి తుడిచి, అది ఆరేదాకా ఆగి, ఆమె పెద్ద అక్షరాలతో ‘ఆర్థిక చరిత్ర’ అని రాసింది. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది. ఏటా జారుతుంది. తర్వాత మొదటి వరస కుర్చీల దుమ్ము దులిపి, వాటిని ఒకదానికొకటి దగ్గరగా జరిపింది. అలా జరిపితే వరస చిన్నదిగా కనిపిస్తుందని ఆమె ఆశ. ఆశకేం, ఏమైనా చెబుతుంది.

ఆ కాలేజీలో ఎకనామిక్స్ డిగ్రీ రెండో ఏడు ముగిసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఒక్కో స్పెషలైజేషన్‌కు ఒక్కో గది కేటాయిస్తారు. పిల్లలు తమకు నచ్చిన గదిలోకి వెళ్ళి కూర్చోవాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరు ఎక్కడ కూర్చుని ఉంటే మూడో ఏడు వాళ్ళ చదువు అదే. కుర్చీలన్నీ నిండిన గదిలోకి ఇంకెవరినీ రానివ్వరు. కనీసం మొదటి వరసైనా నిండని గదిలో ఆ స్పెషలైజేషన్‌నే ఎత్తేస్తారు. వరండాలో మిగిలిపోయినవాళ్ళను హెడ్డుగారు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోలుతారు. పిల్లల ఇష్టానికి విలువివ్వాలని పూర్వం ఎవరో పెద్దమనిషి పెట్టిన ఏర్పాటట. ఆయనకేం, పెట్టేసి పోయాడు.

ఆర్థిక చరిత్రను ఎత్తేస్తే ఆమె ఉద్యోగాన్నీ ఎత్తేసినట్టే. ఇన్నేళ్ళయినా పర్మనెంట్ చేయలేదు. వెళ్ళి అడగమని తోటివాళ్ళు పోరారు గానీ ఆమె అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషి. క్లాసులో మాత్రం, ఎప్పటి కరువులోనో రొట్టె ఎంతకు అమ్మారో, ఆ ధర విని కొట్టు ముందు నిలబడ్డ తల్లి ఏం చేసి ఉంటుందో చెబుతూ ఒళ్ళు మరిచిపోతుంది. పిల్లలు ‘పాతధరల మేడం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. ఆమెకు తెలుసు. లోలోపల ఆ పేరంటే ఇష్టం కూడా.

పొద్దున ఇంట్లో టీ అందిస్తూ తమ్ముడి కూతురికి మరోసారి చెప్పింది.

“పెందలాడే వెళ్ళి ఫైనాన్స్‌లో కూర్చో. అక్కడ కుర్చీలు చూస్తుండగానే అయిపోతాయి.”

“మరి నీ గది సంగతేంటత్తా?”

“నా గది గురించి నీకెందుకే? నీ పని నువ్వు చూసుకో.”

ఆ పిల్ల నడక నేర్చింది ఈ ఇంట్లోనే. తల్లి పోయాక తమ్ముడు తెచ్చి అక్క ఒళ్ళో పెట్టి, మళ్ళీ పెళ్ళి చేసుకుని తన దారి తాను చూసుకున్నాడు. పిల్లకు లెక్కలంటే ప్రాణం. ఫైనాన్స్ చదివినవాళ్ళను బ్యాంకులవాళ్ళు కాలేజీకే వచ్చి ఎంచుకుపోతారు. తనలా ఏడాదికోసారి గుండె చిక్కబట్టుకుని కుర్చీలు తుడుచుకునే బతుకు ఆ పిల్లకు పట్టకూడదని ఆమె కోరిక. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నందాకా ఈగలు తోలుకోవడమే అయింది. ఒకడు తల లోపలికి పెట్టి, బోర్డు చదివి, “సారీ మేడం” అని వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత, ఒకరిని విడిచి ఒకరు ఉండలేని స్నేహితురాళ్ళిద్దరు వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. వాళ్ళ వెనకే కళ్ళద్దాల కుర్రాడు వచ్చాడు. అతనికి ఆమె పాఠాలు నిజంగానే ఇష్టం. చివరికి ఏ క్లాసులోనైనా నిద్రపోయే నిద్రమొహంగాడు ఆవలిస్తూ వచ్చి వాళ్ళ పక్కన కూలబడ్డాడు. ఇక ఒక్క కుర్చీ మిగిలింది. ఆమె తలుపు వంక చూడకూడదనుకుంటూనే చూస్తూ కూర్చుంది.

గంట కొట్టే వేళ దగ్గర పడుతుండగా మేనకోడలు రొప్పుతూ వచ్చి, స్వెట్టర్ విప్పుతూ ఆ కుర్చీలో కూర్చుంది.

“ఇదేంటే? నువ్వు ఫైనాన్స్‌లో లేవూ?”

“పొద్దుట్నించీ అక్కడే ఉన్నా. నీకు ఒక్కరు తక్కువయ్యారని అటెండర్ చెప్పాడు. లేచొచ్చేశా.”

కళ్ళద్దాల కుర్రాడు హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. ఆమెకూ ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది. అలా లేచివచ్చినందుకే తనమీద తనకు అసహ్యం వేసింది.

“నిజం చెప్పు. నీకీ సబ్జెక్టు ఇష్టమా?”

“నువ్వంటే ఇష్టం.”

“నేను సబ్జెక్టును కాదు. లే. పో అక్కడికి.”

“తలుపు దగ్గర జనం కాచుకునున్నారత్తా. నా కుర్చీ ఉందో లేదో.”

“ఉంటుంది. పరిగెత్తు.”

“మేడం, ఉండనివ్వండి,” అన్నాడు నిద్రమొహంగాడు. వాడి కళ్ళల్లో ఇప్పుడు నిద్ర లేదు. “మేమూ ఇక్కడే ఉన్నాం కదా.”

ఆమె వాడివైపు చూడలేదు. చూస్తే మనసు మారుతుందని భయం. మేనకోడలి రెక్క పట్టుకుని లేపి, వీపుమీద చెయ్యి వేసి గుమ్మం దాటించింది. పిల్ల వరండా పొడుగునా పరిగెత్తింది. ఆ అడుగుల చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే గంట కొట్టారు.

కాసేపటికి తాళాల గుత్తితో అటెండర్ వచ్చాడు.

“కుర్చీ దొరికిందా దానికి?” అంది ఆమె.

“ఎక్కడ దొరుకుతుంది మేడం? ఇలా లేచిందో లేదో అలా ఇంకొకడు కూర్చున్నాడు. హెడ్డుగారు సహకార రంగం గదిలో వేశారు. అక్కడ కుర్చీలన్నీ ఖాళీయే.” అతను తల గోక్కున్నాడు. “ఇక్కడే ఉండుంటే…” అని, మిగతాది మింగేశాడు.

నలుగురు పిల్లలూ లేచి వెళ్ళిపోయారు. కళ్ళద్దాల కుర్రాడు గుమ్మం దగ్గర ఆగి బోర్డును ఒకసారి చూసుకున్నాడు. ఆమె బోర్డు తుడిచింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. తన చేత్తో తానే గెంటేసింది కదా, ఇక ఎవరిమీద పడి ఏడవాలి? ముందువైపు మెట్ల దగ్గర మేనకోడలు తనకోసం నిలబడి ఉంటుందని తెలుసు. రోజూ ఇద్దరూ కలిసే ఇంటికి వెళతారు. ఈరోజు ఆ మొహం చూసే ధైర్యం లేక, సంచి చంకన పెట్టుకుని వెనక మెట్లగుండా దిగి వెళ్ళిపోయింది.

అటెండర్ కిటికీలు మూసి, లైటు తీసి, తలుపు దగ్గరికి లాగబోతూ ఆగాడు. మొదటి వరసలో చివరి కుర్చీ వీపుకు ఆ పిల్ల పసుపురంగు స్వెట్టర్ వేలాడుతోంది, తొందరలో విప్పినట్టుంది, ఒక చెయ్యి లోపలికే తిరగబడి ఉంది.