ఇస్త్రీపెట్టె చల్లారేదాకా

“ఈ బొగ్గుల తీరు నాకేం నచ్చట్లేదే అమ్మడూ. ఇవాళ్టికి వద్దు. రేపు రాసుకో.”

తల్లి ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. మేడమీది వరండాలో కుంపటి ముందు కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. పక్కన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె నోరు తెరుచుకుని నిప్పుల కోసం చూస్తోంది.

కూతురు గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంది. “బొగ్గులకు తీరేంటమ్మా, అన్నీ నల్లగానే ఉంటాయి.”

“ఇవి చెమ్మ పట్టినవి. పొగ చూడు. తల పగలగొట్టే పొగ ఇది. ముప్ఫై ఏళ్ళు ఈ పెట్టెతో కాపురం చేశాను, నాకు తెలీదా?”

“నీకు తెలీని ప్రమాదం ఏదైనా ఉందా? గాలేస్తే కప్పు ఎగిరిపోతుంది, వానొస్తే గోడ కూలుతుంది. ఫోను మోగకపోతే ఎవరో పోయినట్టు. మోగితే, పోయారని చెప్పడానికే మోగినట్టు.”

తల్లికి నవ్వొచ్చింది గానీ పెదవి బిగబట్టింది. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుంది.

ఈ నిప్పుల గొడవ మొదలై రెండు వారాలయింది. అంతకుముందు వేరే గొడవలుండేవి. కూతురు రాసిన మొదటి నవల మూడేళ్ళ కిందట వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఇంటికొచ్చి మెచ్చుకుని వెళ్ళారు. రెండోది మాత్రం ఎంతకీ కదలడం లేదు. ఈ నెలాఖరుకి ఇచ్చి తీరాలని ప్రచురణకర్త గట్టిగా చెప్పాడు. ఆ రోజు నుంచి పిల్లకి తిండి సయించలేదు. ఎక్కడో పత్రికలో పెద్ద పెద్ద రచయితలకి ఏయే అలవాట్లుండేవో చదివి, వరసబెట్టి అన్నీ తనమీద ప్రయోగించుకుంది. ఎవరో నిలబడి రాసేవారంటే వారం రోజులు అలమార ముందు నిలబడింది, కాళ్ళు వాచాయి. ఎవరో చన్నీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకునేవారంటే అదీ చేసింది; కథ రాలేదు, జలుబొచ్చింది. ఆకుపచ్చ సిరా, రోజుకి పన్నెండు కప్పుల కాఫీ, ఆ తర్వాత సిగరెట్లు. సిగరెట్లకి తల్లి కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. మిగతావాటికి బకెట్లు మోసింది, కాఫీలు కలిపింది, నోరు మూసుకుంది.

చివరికి ఒక పొద్దున కూతురు లేచి, “నా మొదటి కథలు ఎక్కడ రాశానో గుర్తొచ్చిందమ్మా” అంది. “నువ్వు పనిచేసిన లాండ్రీలో, ఇస్త్రీ గదిలో. బల్ల కింద. నిప్పుల వేడి, తడిగుడ్డల వాసన. ఆ వాసనలోంచే నాకు మాటలొచ్చాయి. అది కావాలి నాకు.”

“బల్ల కింద కాదే, గడప మీద. లోపలికి నేను రానిచ్చానా ఎప్పుడైనా?”

“బల్ల కిందే.”

“గడప మీదే. గాలి తగిలేచోట కూర్చోబెట్టేదాన్ని. నేను ఇస్త్రీ చేసేదాన్ని, నువ్వు నాతో వాదన పెట్టుకునేదానివి.”

ఆ వాదన ఎలా ఉండేదో తల్లికి నిన్న జరిగినట్టుంది. మడత పెట్టే ప్రతి చొక్కా ఆవిడకు ఒక దుర్వార్త. “ఇదిగో, చెయ్యి చిరిగిపోయింది. బండి కింద పడ్డాడేమో పాపం, పోయాడేమో” అనేది. గడప మీద నుంచి ఎనిమిదేళ్ళ పిల్ల తల కూడా ఎత్తకుండా, “పోలేదమ్మా, పరిగెడుతూ గేటుకి తగిలించుకున్నాడు. బస్సు దొరికిందిలే” అనేది. కాలర్ మీద ఎర్ర మరక కనబడితే ఆవిడ నెత్తురంటే, ఆ పిల్ల పుచ్చకాయ అనేది. ఆ వారంలో లాండ్రీకి వచ్చిన మనుషులందరినీ ఆవిడ చంపుతుంటే, పిల్ల ఒక్కొక్కరినీ బతికించి ఇంటికి పంపేది. ఆ తర్వాత అవే నోటుపుస్తకంలో రాసుకునేది.

కూతురికి అదేమీ గుర్తులేదు. వాసన ఒక్కటే గుర్తుంది.

మొదటిరోజు నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టెని గదిలో పెట్టుకుని, తలుపేసుకుని, తడితువ్వాలు మీద దాన్ని తిప్పుతూ కూర్చుంటే పది పేజీలు వచ్చాయి. ఆ పది పేజీలే కొంప ముంచాయి. తర్వాత పదమూడు రోజుల్లో నిలబడే పేజీ ఒక్కటీ రాకపోయినా, తప్పు నిప్పులది కాదు, కిటికీలోంచి వచ్చే గాలిది అనుకుంది. కిటికీ మూసింది. మర్నాడు వీధిలో చప్పుడుది అనుకుంది.

లాండ్రీలో మడతలు పెట్టే ఒకావిడ ఉండేది. ఒక వానాకాలం జల్లు కొడుతోందని తలుపు బిగించుకుని ఇస్త్రీ చేసింది. సాయంత్రం తలుపు తీస్తే బల్ల మీద తలవాల్చి ఉంది. కునుకు తీసినట్టే ఉంది. మొహం కూడా ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించింది. ప్రాణం మాత్రం లేదు. తల్లి ఈ సంగతి కూతురికి వందసార్లు చెప్పింది. వందసార్లు చెప్పడమే తప్పయింది. నూటొకటోసారి ఎవరూ వినరు.

“పెట్టె ఇలా ఇవ్వు” అంది కూతురు. “నిబంధన గుర్తుందిగా?”

“పిలవకూడదు.”

“తలుపు నేనే తీస్తాను. పిలిచావంటే వాక్యం తెగిపోతుంది. పోయినసారి ఏం జరిగిందో తెలుసుగా.”

తెలుసు. పోయినవారం గదిలో అలికిడి లేదని పిలిచింది. పిలిచినా పలకలేదని కింద అద్దెకుండే టైలర్ని కేకేసి తలుపు గుద్దించింది. చెవుల్లో ఏవో పెట్టుకుని రాసుకుంటున్న పిల్ల బయటికొచ్చి, ఆయన ముందే కాగితాలు నాలుగు ముక్కలు చేసింది. “చంపేశావు. నీ భయంతో చంపేశావు నా కథని” అంది. ఆ మాట తల్లికి ముల్లులా దిగింది. ఎందుకంటే అది నిజం కావచ్చునని ఆవిడకే అనుమానం. అంతకుముందొకసారి కూతురు ఇంటికి రావడం అరగంట ఆలస్యమైందని మూడు ఆసుపత్రులు తిరిగింది కూడా తనే కదా.

అందుకే ఈసారి మాట ఇచ్చింది. ఇచ్చాక, మర్నాడు కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు, తలుపు గడియకున్న నాలుగు మరల్లో రెండు ఊడదీసి, మిగతా రెండూ వదులు చేసి పెట్టింది. ఎందుకైనా మంచిదని. ఊడదీసిన మరలు ఇప్పటికీ పోపు డబ్బాలో ఉన్నాయి.

ఎర్రబడ్డ నిప్పులు పెట్టెలోకి తీసి పోసింది. మూత వేసింది. నిప్పు పెట్టి ఇస్తున్నవి తన చేతులే. కూతురు గుడ్డతో పిడి పట్టుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడింది.

తల్లి తలుపుకి ఎదురుగా పీట వేసుకుని బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పాడయ్యాక ఇదే ఆవిడ పని. టైలరు కుట్టిన చొక్కాలకి బొత్తాలు, బాగుకొచ్చిన పాతవాటికి ఊడినవి. సూదిలో దారం ఎక్కించి, అలవాటు కొద్దీ తలుపు కిందికి చూసింది.

అక్కడ రోజూ ఒక వెలుగు గీత ఉండేది. తలుపుకీ నేలకీ మధ్య వేలెడు సందు. కూతురు అటూ ఇటూ నడిస్తే ఆ గీతలో పాదాల నీడ కదిలేది. ఆ నీడ చూసుకుంటూ ఆవిడ గంటలు గడిపేది.

ఇవాళ గీత లేదు.

దీపం ఆర్పేసుకుందేమో అనుకుంది. కరెంటు పోయిందేమో అనుకుని తల ఎత్తితే వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కుర్చీ కిర్రుమంది. హమ్మయ్య. కాసేపటికి దగ్గు వినిపించింది, ఒకటి, రెండు. తల్లి లేవబోయి కూర్చుంది. దగ్గు రావడం మంచిదే, దగ్గితే బతికున్నట్టేగా అని తనకు తానే చెప్పుకుంది. మూడో దగ్గు కోసం చూసింది. అది రాలేదు.

నాలుగు బొత్తాలు కుట్టింది. ఐదోది కుడుతుంటే వేలికి గుచ్చుకుంది. ‘ఇది నా భయం. నా భయానికి పనీపాటా లేదు. ఇప్పుడు పిలిస్తే మళ్ళీ చించేస్తుంది. నెలాఖరు దగ్గరకొచ్చింది. దాని బతుకంతా ఆ కాగితాల్లోనే ఉంది’ అనుకుంది. పీట తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిపింది. తలుపు చెక్క మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. టైలరు నోట్లో సూది పెట్టుకునే వచ్చాడు, చేతిలో చొక్కాల కట్టతో.

“అక్కా, ఇంకో ఆరు. సాయంత్రానికి కావాలంటున్నారు.” గొంతు తగ్గించాడు. “లోపల తపస్సు జరుగుతోందా?”

“ఊఁ.”

“నేను నోరెత్తను తల్లీ, కిందటిసారి పడ్డ చీవాట్లు చాలు. అవునూ, దిండు బాగా కుదిరిందా?”

“ఏ దిండు?”

“అదేనక్కా, అమ్మాయి పొద్దున సంచీ నిండా గుడ్డముక్కలు పట్టుకెళ్ళింది. దిండులో కూరడానికంది. మంచివే ఏరి ఇచ్చాను.”

తల్లి చేతిలో చొక్కా జారిపోయింది. ఇంట్లో కొత్త దిండేమీ లేదు.

మోకాళ్ళు సహకరించకపోయినా నేలమీదికి వంగి, తలుపు కింద సందులో వేలు పెట్టింది. మెత్తగా తగిలింది. గుడ్డలు గట్టిగా కుక్కి ఉన్నాయి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. తల పైకెత్తింది. తలుపు మీది వెంటిలేటర్లోంచి నీలం పూల గుడ్డపేలిక ఒకటి నాలుకలా వేలాడుతోంది.

“అమ్మడూ!”

ఇచ్చిన మాట పోయింది. పోనీ.

“అమ్మడూ! ఏమేవ్! చించేసుకో, అన్నీ చించేసుకో, ముందు పలుకు!”

టైలరు ఇబ్బందిగా నవ్వాడు. “చెవుల్లో అవి పెట్టుకుందేమో అక్కా. మళ్ళీ నన్ను…”

“నెట్టు తమ్ముడూ!”

“గడియ ఉంటుంది గదా, అంత తేలిగ్గా…”

ఆవిడ వినలేదు. భుజం పెట్టి తనే తోసింది. వదులు మరలు రెండూ టక్కున ఊడొచ్చాయి. కుక్కిన గుడ్డలు నేలమీద ఈడ్చుకుంటూ తలుపు సగం తెరుచుకుంది. లోపలి గాలి మొహానికి దుప్పటి కప్పినట్టు తగిలింది.

కూతురు బల్ల మీద తలవాల్చి ఉంది. కునుకు తీసినట్టే ఉంది. మొహం ఎర్రగా ఉంది.

ఇస్త్రీపెట్టె కూతురి పక్కనే, మూత తీసి, బూడిద కింద ఇంకా కణకణమంటూ ఉంది. చేతి కింద కాగితం. రెండు వరసలు తిన్నగా రాసి ఉన్నాయి. మూడోది మెట్లు దిగుతున్నట్టు కిందికి కిందికి జారి అంచు దాటి బల్ల చెక్క మీదికి పోయింది.

ఇద్దరూ కలిసి చంకల కింద చేతులేసి లాగారు. వరండా చివర, మెట్ల మీదికి దిగే గడప దగ్గర గాలి బాగా ఆడుతుంది. అక్కడ పడుకోబెట్టారు. టైలరు ఇస్త్రీపెట్టెను బయటికి విసిరినట్టు పెట్టి, ఫోనులో అంబులెన్సు వాళ్ళకి చిరునామా రెండుసార్లు తప్పు చెప్పి మూడోసారి సరిగ్గా చెప్పి, దారి చూపించడానికి వీధి మొదటికి పరిగెత్తాడు.

తల్లి కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. బుగ్గలు తట్టింది. నీళ్ళు చల్లింది. ముక్కు కింద వేలు పెడితే ఊపిరి తగిలిందో, వీధిలోంచి వచ్చే గాలి తగిలిందో తెలియలేదు. పేరు పెట్టి పిలిచింది, ముద్దుపేరుతో పిలిచింది, తిట్టి పిలిచింది. పలుకు లేదు.

ఇన్నేళ్ళుగా భయపడిన ఘడియ వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడాలో ఆవిడకు తోచలేదు. భయాలన్నీ దీనికి ఇవతలే అయిపోయాయి. చెయ్యి ఊరికే ఉండలేక పక్కన పడి ఉన్న చొక్కా పట్టుకుంది. టైలరు ఇప్పుడు తెచ్చిన వాటిలోదే, బాగుకొచ్చిన పాత చొక్కా. రెండో బొత్తాం లేదు. దారం పోగులు పైకి లేచి ఉన్నాయి.

“ఇది చూడవే” అంది. “రెండో బొత్తాం లేదు. ఊడింది కాదిది, లాగేసింది. గుండె నొప్పొచ్చుంటుంది. ఎవరో చొక్కా చింపి గుండె మీద చెయ్యి పెట్టుంటారు. పాపం, పోయాడేమో.”

మెట్ల మీంచి గాలి వచ్చి కూతురి జుట్టు కదిలించింది. ఇంకేమీ కదల్లేదు. దూరంగా పడ్డ ఇస్త్రీపెట్టె చల్లారుతూ చిన్నగా టిక్కు టిక్కుమంటోంది.

“వింటున్నావా? ఇంట్లో పిల్లలున్నారో ఏమో. పోయాడేమోనే అమ్మడూ. నువ్వు చెప్పకపోతే పోయినట్టే మరి.”

కింద ఎవరిదో సైకిలు వెళ్ళింది. అంబులెన్సు చప్పుడు ఇంకా లేదు. టిక్కు, టిక్కు. ఆ చప్పుడు కూడా దూరం దూరమై ఆగిపోయింది. తల్లి చొక్కాని కూతురి చేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. విడిపోయాయి. మళ్ళీ ముడిచి, పైన తన చెయ్యి వేసి పట్టుకుంది. అలా ఎంతసేపు పట్టుకుందో ఆవిడకు తర్వాత కూడా లెక్క తెలియలేదు.

ముందు కనురెప్ప అదిరింది. తర్వాత గొంతులో ఏదో గరగరమంది. ఎండిపోయిన పెదవులు ఒకదాన్నొకటి వదిలించుకోవడానికి చాలా సేపు పట్టింది.

“పోలేదమ్మా” అంది కూతురు, కళ్ళు తెరవకుండానే. “ఉక్కపోసి… తనే లాగేసుకున్నాడు.”