కారు నెత్తిన పడవ

పడవన్నాక నీళ్ల మీద పోవాలి. దాన్ని కారు నెత్తిన పెట్టి ఊరేగించాలన్న ఆలోచన ఎవరికి పుట్టినా, వాళ్లను రెండు రోజులు ఎండలో నిలబెట్టాలి. ఆ ఆలోచన మా సర్వే దొరకు పుట్టింది. ఆయన్ని ఎండలో నిలబెట్టగల మొనగాడు బెల్లంపల్లిలో లేడు కనుక, నేనే నోరు మూసుకుని ఆదివారం పొద్దున్నే కారు తుడిచి వర్క్‌షాపు ముందు పెట్టాను.

అది అరవై ఒకటో సంవత్సరం, శ్రావణ మాసం. అప్పటికి ఎనిమిది నెలలుగా దొర కారు నడుపుతున్నాను. అంతకు ముందు పదకొండేళ్లు బొగ్గు బాయిలో దిగాను. గనిని మేము బాయి అంటాం. ఒక రోజు పైకప్పు కూలి నేనూ, నాతో పనిచేసే రాజలింగూ లోపల చిక్కుకుపోయాం. పంతొమ్మిది గంటలు. అందులో మొదటి ఆరు గంటలు రాజలింగు నాతో మాట్లాడాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. నన్ను బయటికి తీసినప్పుడు ఆయన చెయ్యి నా చేతిలోనే ఉందట.

దవాఖానా నుంచి వచ్చాక మళ్లీ డ్యూటీకి పోయాను. మనుషుల్ని బాయిలోకి దించే ఇనుప బోను ముందు నిలబడేసరికి నా కాళ్లు కదల్లేదు. భయమని చెప్పుకోవడానికి సిగ్గేసి, మోకాలు నొప్పని అబద్ధమాడాను. డాక్టరు తేలిక పని ఇవ్వమని కాగితం రాశాడు. అలా డ్రైవరునయ్యాను, అదీ తాత్కాలికంగా. పర్మనెంటు చేసే కాగితం దొర టేబులు మీద పడి ఉంది. సంతకం పడితే డ్రైవరును, పడకపోతే మళ్లీ బాయిలోకే. నా అసలు జబ్బేమిటో మా ఆవిడ దుర్గవ్వకు ఒక్కదానికే తెలుసు.

ఇక పడవ సంగతి. మిలిటరీ వాళ్లు వేలం వేసిన రబ్బరు పడవ అది. గాలి తీసి మడత పెడితే డిక్కీలో పట్టేస్తుంది. కానీ కాలితో తొక్కే పంపు పాడైపోయింది, గోదావరి ఒడ్డున గాలి కొట్టే దిక్కు లేదు. వర్క్‌షాపులోనే గాలి కొట్టుకుని మోసుకుపోవాలి. కారు వెనక తగిలించే చిన్న బండి ఒకటి అడిగితే స్టోరు వాళ్లు చేతులెత్తేశారు. కాలనీకి నీళ్ల పంపు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆ రోజు నది లోతు కొలవాలి. పది గంటలకు పెద్ద ఇంజనీరు మంచిర్యాల ఒడ్డుకు వస్తాడట. దొరకు కాలు నిలవడం లేదు.

కట్టడానికి అంకయ్యను పిలిచారు. అంకయ్య బాయి పైన బోను తలుపు వేసే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. మనుషులు ఎక్కుతారు, అంకయ్య బయటి నుంచి గడియ వేస్తాడు, బోను కిందికి పోతుంది. లోపలున్నవాడు ఆ గడియ ముట్టుకోవడం నేరం. ఎక్కినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి, తీసేవాడు తీస్తాడు.

కారు పైన బొంత పరిచి, దాని మీద పడవను బోర్లించాం. అంబాసిడర్ నెత్తిన గుమ్మడికాయంత టోపీ పెట్టినట్టుంది. పక్కలకు కిటికీల మీదికి వేలాడింది.

"ఎక్కి కూసోండ్రి. మీరు ఎక్కినంక కడత" అన్నాడు అంకయ్య.

నేను ముందు, దొర వెనక కూర్చున్నాం. అంకయ్య జనపనార తాడు ఒక కిటికీలోంచి దూర్చి, మా తలల మీదుగా రెండో కిటికీలోంచి లాగి, పడవ పైన ముడేశాడు. ముందు కిటికీలకు ఒక కట్టు, వెనక కిటికీలకు ఒక కట్టు. కాలు తన్నిపెట్టి మరీ బిగించాడు.

"జర చూడు అంకయ్యా, తోవల ఊడదు గద?" అన్నాను.

"ఫికర్ జెయ్యకు అన్నా. నేను కట్టింది ఊడుడు లేదు. గోదారి కాడ మనోళ్లు ఉంటరు, వాళ్లే విప్పుతరు."

తలుపులతో సహా మమ్మల్ని కట్టేశాడని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. తట్టదు కూడా. అంకయ్య ముప్పై ఏళ్లుగా మనుషుల్ని లోపల పెట్టి బయట మూస్తున్నాడు. నేను పదకొండేళ్లు అలా మూయించుకున్నాను. దొర రోజూ ఆ బోనులోనే దిగుతాడు. బయటివాడు మూస్తే బయటివాడే తీయాలన్నది మా ఒంట్లో జీర్ణించిపోయింది. బండ్లు తోలుకునే మామూలు మనిషెవడైనా ఆ పక్క నుంచి పోయి ఉంటే, చూసి పగలబడి నవ్వేవాడు.

మందమర్రి దాటాక వాన ఎత్తుకుంది. కిటికీలకు తాడు అడ్డం, అద్దాలు పైకి రావు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. తాడూ తడిసింది. తడిసిన కొద్దీ బిగుసుకుని పైకప్పు కిర్రుమంటోంది. బాయిలో కప్పు కూలే ముందు దాన్ని మోసే కట్టె దిమ్మెలు అలాగే మూలుగుతాయి.

ఇంకో రెండు మైళ్లకు వాగు వచ్చింది. దాని మీద చప్టా ఉంది, పైనుంచి నీళ్లు పొర్లేలా వేసిన రాతి దారి. ఎర్రటి నీళ్లు మోకాలి లోతున పారుతున్నాయి.

"దొరా, జర ఆగుదాం. వాన తగ్గినంక పోదాం" అన్నాను.

"పెద్దాయన వచ్చి కూర్చుంటాడయ్యా! పోనీ, పోనీ!"

నా కాగితం మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి అది. పోనిచ్చాను.

సగం దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే కుయ్యిమని కూడా అనలేదు. దిగి తోద్దామని తలుపు తీశాను. వేలెడంత తెరుచుకుని ఆగింది. రెండోది తోశాను, అదీ అంతే. వెనక దొర తన తలుపులు రెండూ తన్ని చూశాడు. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కిటికీలోంచి దూరదామంటే పైన తాడు, బయట పడవ అంచు. మిగిలిన సందులో నా తల పట్టింది, భుజాలు పట్టలేదు. దొర పొట్ట సంగతి చెప్పనక్కర్లేదు. ముడి చూస్తే పడవ మీద, మా చేతికి అందని చోట ఉంది.

వాగు పెరిగి కాళ్ల కింద నీళ్లు వచ్చాయి. తర్వాత సీటు తడిసింది.

"దొరా, తాడు కొయ్యాలె."

"ఏయ్, కొయ్యకు! పడవ కొట్టుకుపోతే హెడ్డాఫీసుకు నేనేం చెప్పను? ఎవరో ఒకరు వస్తారు, ఉండు."

ఉన్నాను. నీళ్లు నడుము దాటాయి. ఇప్పుడు నిజం చెప్పాలి. నేను అరిచాను. మనిషి అరిచినట్టు కాదు, ఏమని అరిచానో నాకే తెలియదు. నా చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. పక్క సీటులో రాజలింగు ఉన్నాడనిపించింది. పలకరిస్తే పలకడని తెలిసి, అటు చూడటానికే భయపడ్డాను.

నన్ను కదిలించింది నా ధైర్యం కాదు, దొర ఏడుపు. వెనక నుంచి నా చొక్కా కాలరు పట్టుకుని, "అమ్మా, అమ్మా" అని పసిపిల్లాడిలా వెక్కుతున్నాడు. "కొయ్యి నాయనా, కొయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా. నన్ను వదిలి పోకు" అన్నాడు. నాకంటే గట్టిగా ఏడ్చేవాడు ఒకడు ఉండేసరికి నా చేతులు నాకు తిరిగొచ్చాయి.

కత్తి లేదు. పనిముట్లన్నీ డిక్కీలో ఉన్నాయి. తల పైన, వెనక్కి చూసుకునే అద్దాన్ని పీకి స్టీరింగుకేసి కొట్టి, ఆ పెంకుతో తాడును కోయడం మొదలుపెట్టాను. తాడుతో పాటు నా అరచెయ్యీ కోసుకుపోయింది. కోస్తూ నేనూ వాగాను. "దొరా, నాకు మోకాలు నొప్పి లేదు. బాయంటే భయం. మూసేస్తే నాకు పానం పోతది. నన్ను మల్ల బాయిలకు తోలకుండ్రి" అన్నాను.

"పంపను. నా బిడ్డల మీద ఒట్టు, నిన్ను పంపను" అన్నాడు దొర.

తాడు తెగింది. గాలికి పడవ ముందు వైపు లేచి, వెనక కట్టులోంచి జారి, ధబ్బున వాగులో పడింది. నీళ్ల మీద ఎంత హాయిగా పోయిందో! నీళ్లు పారిపోయే వైపు తలుపును ఇద్దరం కలిసి తన్ని తెరిచాం. దొరను ముందు సీటు మీదుగా లాగి కారు పైకి ఎక్కించాను. గంట తర్వాత పక్క ఊరివాళ్లు మోకు విసిరి మమ్మల్ని ఒడ్డుకు లాగారు. ఒడ్డున దొర నన్ను కావలించుకున్నాడు. నేనూ కావలించుకున్నాను. ఆ రాత్రి చేతికి కట్టుతోనే దుర్గవ్వకు అంతా చెప్పి, ఇక మన కష్టం గట్టెక్కిందన్నాను.

బుధవారం దొర ఆఫీసుకు పిలిపించాడు. టేబులు మీద కాగితం ఉంది.

"కారులో జరిగింది ఎవరికైనా చెప్పావా?"

"బయట ఎవలకు చెప్పలే దొరా."

"చెప్పకు." కాగితాన్ని నా వైపు తోశాడు. చదివాను. వచ్చే సోమవారం నుంచి మూడో నంబరు బాయి, లోపలి పని.

నాకు కోపం రాలేదు, ముందు అర్థం కాలేదు. "దొరా, మీరు ఒట్టు వెట్టిండ్రు గద?" అన్నాను.

ఆయన కంఠం తగ్గించి, బతిమాలినట్టుగా అన్నాడు. "రోజూ ఆ కారులో నీ వెనక కూర్చోవాలయ్యా నేను. నీ వీపు కనపడితే చాలు, నాకు ఊపిరాడటం లేదు."

కాగితం తీసుకున్నాను. కాదంటే కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. ఊపిరాడకపోవడమంటే ఏమిటో నాతో సమంగా తెలిసినవాడు భూమ్మీద ఆయన ఒక్కడే. తెలిసే సంతకం పెట్టాడు.