పదకొండు చోట్లూ ఆడినవాడు

స్కాట్లండ్‌లో మా కిన్‌లారీ ఊళ్ళో ఎవర్నైనా ఆపి వాటీ రాట్రే తెలుసా అని అడగండి. తెలియకేం అంటారు. మా బంగారు కొండ అంటారు. అలాంటి ఆటగాడు మళ్ళీ పుట్టడంటారు. వాళ్ళలా అంటున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఎందుకంటే ఈ నోళ్ళే, ఈ చేతులే నా తమ్ముణ్ణి గోడ ఎక్కనివ్వలేదు.

నా పేరు నెట్టీ. ఫుట్‌బాల్ మైదానం గేటు పక్కన మాంసం కూరిన పైలూ, కప్పుల్లో వేడి మాంసం చారూ అమ్మే కొట్టు నాదే. వానైనా, మంచైనా, మా థిసిల్ జట్టు చిత్తుగా ఓడుతున్నా శనివారం మధ్యాహ్నం నా కొట్టు తెరిచి ఉండాల్సిందే. అక్కణ్ణించే తమ్ముడు వాటీ ఆటంతా చూశాను. ఆట మధ్యలో పై అడిగినవాణ్ణి కాసేపు ఆగమనేదాన్ని.

వాటీ జట్టులో చేరింది సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరస నడుమ నిలబడి గోళ్ళు కొట్టేవాడిగా. మా నాన్నలాగా బొగ్గు గనిలో దిగాల్సినవాడు, కాళ్ళలో ఆట ఉండబట్టి బయటపడ్డాడు. మొదటి ఏడాది వాడు గోలు కొట్టని శనివారం అరుదు. ఆ చలికాలంలో వెనక ఎడమవైపు కాపు కాసే లెఫ్ట్ బ్యాక్ ఆటగాడికి కాలు విరిగింది. మేనేజర్ లెకీ వచ్చి వాడి భుజం మీద చెయ్యేశాడు.

"వాటీ, ఈ ఒక్క ఆటకి వెనక్కి వెళ్ళు నాయనా. నువ్వు ఎక్కడైనా ఆడగలవు."

"సరే బాస్."

ఆ సరే అన్నదే వాడి కొంప ముంచింది. ఒక్క ఆట కాస్తా ఏళ్ళయింది. వాడు లెఫ్ట్ బ్యాక్‌గా కుదురుకుని, జనం మెచ్చుకోవడం మొదలెట్టేసరికి గిల్ఫిలన్ అని ఒకణ్ణి ఆ చోటుకి కొనుక్కొచ్చారు. వాటీని కుడివైపుకి తోశారు. కుడివైపు కుదురుకున్నాడు. అక్కడికి ఇంకొకణ్ణి తెచ్చారు. వీణ్ణి నడుమకి తోశారు. ఇల్లు కట్టి సున్నం వేసేది వీడు, గృహప్రవేశం చేసేది ఇంకొకడు. ఇదే వరస.

కప్పు ఆటలో ఒకసారి గోల్‌కీపర్‌ని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. ఆ రోజుల్లో బెంచీ మీద ఇంకో కీపర్ ఉండేవాడు కాదు. లెకీ గీత దగ్గర నిలబడి ఇటు చూశాడు, అటు చూశాడు, చివరికి వాటీ వైపు చూశాడు. మోకాళ్ళ దాకా వేలాడే ఆ కీపర్ జెర్సీ తొడుక్కుని నా తమ్ముడు పెనాల్టీ ఆపాడు. మేం గెలిచాం. ఊరంతా వాణ్ణి భుజాల మీద ఊరేగించింది. మరి ఆ తర్వాతి శనివారం ఏమైంది? కొత్త కీపర్ వచ్చాడు. అంతకుముందు వాటీ ఆడిన చోట్లో ఈలోగా వేరే కుర్రాడు కుదురుకున్నాడు. పెనాల్టీ ఆపినవాడు బెంచీ మీద కూర్చుని నేనిచ్చిన పై తిన్నాడు. నాకు ఆ రోజు లెకీ నెత్తిన వేడి చారు కుమ్మరించాలనిపించింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. స్కాట్లండ్ జట్టుకి మనుషుల్ని ఏరే పెద్దమనిషి ఒకాయన వాటీని చూడ్డానికి వచ్చాడు. ఆట అయ్యాక నా కొట్టు ముందే నిలబడి లెకీని అడిగాడు.

"కుర్రాడు బాగున్నాడయ్యా. ఇంతకీ వీడిది ఏ చోటు?"

"ఏ చోటైనా సరే సార్. ఎక్కడ పెడితే అక్కడ."

"అది కాదు. వీడి చోటేది అంటున్నా."

లెకీ బుర్ర గోక్కున్నాడు. "అన్నీ వీడివే సార్."

ఆ పెద్దమనిషి తలాడించి, చారు తాగి, కారెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వాటీ అక్కడే, బూట్లు చేత్తో పట్టుకుని, ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాడు.

వాడు ఆట మానేసి చాలా కాలమైంది. మోకాళ్ళు అరిగిపోయాయి. చెప్పాలనుకున్నది ఇక్కణ్ణించి మొదలు.

మా క్లబ్‌కి నూరేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా థిసిల్ జట్టులో ఇంతవరకూ ఆడినవాళ్ళలో గొప్పవాళ్ళు పదకొండు మందిని జనమే ఎన్నుకోవాలనీ, వాళ్ళ బొమ్మల్ని మైదానం తూర్పు గోడ మీద నిలువెత్తున వేయించాలనీ ఛైర్మన్ క్రైటన్ చాటించాడు. ఒక్కో చోటుకి ఒక్కో పేరు రాసి పెట్టెలో వెయ్యాలి. ఈ క్రైటన్ బళ్ళో నా వెనక బెంచీవాడు. ముక్కు తుడుచుకోవడం కూడా నేనే నేర్పాను.

ఆ వారాల్లో నా కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఒకటే పాట.

"నీ తమ్ముడికే వేశా నెట్టీ. రైట్ బ్యాక్ అంటే వాడే" అన్నాడు మాంసం కొట్టు గెమ్మెల్.

"నాకు తెలీదా? ఆ పెనాల్టీ ఆపిన చేతులు మర్చిపోతానా? కీపర్ కింద వేశాను వదినా" అంది మా ఆయన చెల్లెలు రోనా.

చర్చి ఫాదర్ అంచు వెంట పరిగెత్తే వింగ్‌లో వేశానన్నాడు. ఒకాయన లెఫ్ట్ బ్యాక్ అన్నాడు, ఒకాయన నడుమ అన్నాడు. నా తమ్ముడికి వెయ్యని మనిషి ఊళ్ళో లేడు. నేను పొంగిపోయి పైలు కూడా కాస్త పెద్దవి చేశాను.

ఫలితాలొచ్చాయి. పదకొండు పేర్లు చదివారు. వాటీ పేరు లేదు.

ప్రతి చోటుకీ వాటీ రెండో మూడో స్థానంలో ఉన్నాడట. ఏ ఒక్క చోటుకీ మొదటివాడు కాదట. లెఫ్ట్ బ్యాక్‌గా ఎవరొచ్చారనుకున్నారు? గిల్ఫిలన్. వాడికి ఇంకే చోటూ చేతకాదు కాబట్టి, వాడి ఓట్లన్నీ ఒక్క చోటే పడ్డాయి.

ఆప్రాన్ కూడా విప్పకుండా క్రైటన్ గదికి వెళ్ళాను.

"ఏమయ్యా క్రైటన్, అన్ని చోట్లా కలిపితే నా తమ్ముడికి వచ్చినన్ని ఓట్లు ఇంకెవరికి వచ్చాయి?"

"ఎవరికీ రాలేదు నెట్టీ. నిజం చెప్తున్నా."

"మరి?"

"కలపమని రూల్లో లేదు."

"రూలు ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే నువ్వే మార్చు."

"ఓట్లు పడ్డాక ఎలా మారుస్తాం చెప్పు? కూర్చో, టీ తాగు."

"నీ టీ నువ్వే తాగు" అని తలుపు విసురుగా వేసి వచ్చేశాను. వాటీ మాత్రం, "పోనీలే అక్కా, గోడ ఎక్కడికి పోతుంది" అన్నాడు. గోడ ఎక్కడికీ పోదు. అదే కదా నా ఏడుపు. రోజూ దాని ఎదురుగా కొట్టు తెరవాల్సింది నేను.

బొమ్మల మీద గుడ్డ తీసే రోజు వచ్చింది. ఎన్నికైన పదకొండు మందీ బొమ్మల కింద, ఆటలో నిలబడే వరసలోనే నిలబడి ఫొటో దిగాలని ఏర్పాటు. పోయినవాళ్ళకి బదులు కొడుకులొచ్చారు. అందరికీ వెనక పేర్లు రాసిన కొత్త జెర్సీలు కుట్టించారు. వాటీ నా కొట్టు పక్కన స్టూలు మీద కూర్చుని పై తింటున్నాడు. క్రైటన్ ఒగర్చుకుంటూ వచ్చాడు. చేతిలో మడత పెట్టిన జెర్సీ ఉంది.

"వాటీ, గిల్ఫిలన్ రాలేదు. పొద్దున్నే తుంటి పట్టేసిందట. ఫొటో తీసే పేపరు అమ్మాయి తొందరపడుతోంది. వరసలో ఖాళీ కనపడితే బాగోదు. నువ్వు కాస్త..."

నాకు ఒక్క క్షణం చెవులు సరిగా వినపడుతున్నాయో లేదో తెలియలేదు.

"ఏమన్నావ్? సిగ్గుందా నీకు?" అన్నాను.

"పోయిన మెక్‌ఫీ బదులు వాళ్ళబ్బాయి నిలబడ్డాడు కదా నెట్టీ. ఫొటోకేగా."

"కొడుకు తండ్రి పేరు వేసుకుంటాడు. నా తమ్ముడు గిల్ఫిలన్‌కి ఏమవుతాడు? గిల్ఫిలన్ ఆడనప్పుడల్లా వాడి బరువు మోసింది చాలదా? ఇప్పుడు వాడి బొమ్మ కింద కూడా మొయ్యాలా?"

"నిన్ను కాదు, వాటీని అడుగుతున్నా. ఏం వాటీ, ఎక్కడైనా నిలబడేవాడివి కదా నువ్వు."

వాటీ లేచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? చేతులు ప్యాంటుకి తుడుచుకుని, టోపీ తీసి నా బల్ల మీద పెట్టి, జెర్సీ అందుకున్నాడు. ఒరేయ్ వద్దురా అందామనుకునేలోగా వాడు జెర్సీ మడత విప్పాడు. తొడుక్కోబోతూ వెనక్కి తిప్పి చూసి ఆగిపోయాడు.

వెనక రాసిన పేరుని వేలు పెట్టి చదివాడు.

"మా రోజుల్లో నంబరే ఉండేది క్రైటన్" అన్నాడు. "ఏ నంబరిచ్చినా తొడుక్కున్నా. ఏది తొడుక్కుంటే అది నాదే అనుకున్నా. దీని మీద పేరుంది."

"ఉంటే ఏమైంది?"

"నా పేరు కాదు."

జెర్సీని మళ్ళీ నలగకుండా మడత పెట్టి క్రైటన్ చేతిలో పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చుని మిగిలిన పై తిన్నాడు. వాడు లేదు, కాదు అనడం పుట్టి బుద్ధెరిగాక నేను విన్నది అదే మొదలు.

క్రైటన్ తిరిగి గోడ దగ్గరికి వెళ్ళాడు. దగ్గరకి జరగండి, ఖాళీ కనపడకుండా జరగండి అని పేపరు అమ్మాయి అరుస్తోంది. ముసలి కెప్టెన్ ఇన్నిస్ ఆ ఖాళీ పక్కనే ఉన్నాడు. నా కొట్టు వైపు చూశాడు. ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాటీ పక్కన ఆడినవాడు కదా.

"నేను జరగను" అన్నాడు. "ఇలాగే తియ్యమ్మా."

మిగతావాళ్ళూ కదల్లేదు. ఆ అమ్మాయి అలాగే తీసింది.

ఆ ఫొటోని పటం కట్టించి గేటు లోపల, నా కొట్టుకి ఎదురుగానే తగిలించారు. కొత్తవాళ్ళు వచ్చి ఆ ఖాళీలో ఎవరని అడుగుతారు. గిల్ఫిలన్ అనారోగ్యం వల్ల రాలేకపోయారని క్రైటన్ కింద రాయించాడు. అది ఎవరూ చదవరు. గెమ్మెల్, రోనా, ఫాదర్, అందరూ ఒకటే చెప్తారు, అది మా వాటీ చోటు అని. మళ్ళీ అదే మురిపెం. ఓటేసేటప్పుడు కూడా అందరూ ఇలా ఒక్క చోటు మీదే నిలబడి ఉంటే మీ సొమ్మేం పోయేదని నేను ముఖం మీదే అడుగుతాను. నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మొన్న శనివారం వాటీ కర్ర పట్టుకుని వచ్చాడు. పై చేతికిచ్చి, "చూడు, ఊరంతా కలిసి నీకో ఖాళీ ఇచ్చారు, సంతోషించు" అన్నాను కడుపుమంటతో.

వాడు పటం దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించి చూశాడు.

"ఖాళీ ఉండాల్సింది అక్కడ కాదక్కా" అన్నాడు. కర్రతో చూపించాడు. "ముందు వరసలో. నడుమ."

సెంటర్ ఫార్వర్డ్. వాడు మొదలెట్టిన చోటు.

"అంటే నీకు ఇష్టమైన చోటు అదేనా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేంరా?"

"ఎవరూ అడగలేదుగా" అని, ఆట మొదలవుతుందని లోపలికి నడిచాడు.