మోకాలి మీద వంగే తీగ

"తీగ బాగానే ఉంది," అన్నాను మీటర్ పక్కన పెట్టి.

ఆ మాట అనడం అప్పటికి మూడోసారి. మరదలు ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కుని, కుడిచేత్తో కప్పుకుంది. ఆ ఎడమ చేతికి ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవు. రెండేళ్ల కిందట అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మిషను తీసుకుపోయింది.

"అయితే చెయ్యే బాగాలేదన్నమాట," అంది.

నేను లిఫ్టులు బిగిస్తాను, బాగుచేస్తాను. మరదలు మా దగ్గరే ఉంటుంది. తెరమీద ఇద్దరు కలబడి కొట్టుకునే ఆటలో ఒకప్పుడు తనను ఓడించడానికి జనం వరసకట్టేవారు. వేళ్లు పోయాక కొట్లో దొరికే కంట్రోలర్ ఏదీ కుదరలేదు. అందుకని నేనే ఒకటి చేశాను. రెండు చెక్కపెట్టెలు. బొత్తాలున్న పెద్దది బల్ల మీద ఉంటుంది. పిడి ఉన్న చిన్నది ఎడమ తొడ మీద ఉంటుంది. మూడు వేళ్లకు అందేలా పిడిని ఏటవాలుగా పెట్టాను. రెండు పెట్టెల్నీ కలిపేది మీటరున్నర కేబుల్. పిడి నాలుగు వైపులకు నాలుగు తీగలు, బొటనవేలి కింది బొత్తాలకు రెండు, అన్నిటికీ ఉమ్మడిగా ఒకటి.

వారం నుంచి, ఇరవైసార్లు కిందికి లాగితే ఒకసారి తెరమీది మనిషి వంగడం లేదు. వంగని మనిషి దెబ్బ తింటాడు.

ఆ సాయంత్రమే పోటీ. నాలుగింటిలోగా గేముల హాలుకు వెళ్లి పేరు ఖాయం చేయించుకోవాలి. వేళ్లు పోయాక నలుగురి ముందు ఆ చెయ్యి బయటపెట్టి ఆడబోవడం తనకు అదే మొదలు.

మా ఆవిడ నన్ను వంటగదిలోకి పిలిచింది.

"మీరు తీగ బాగుందన్నప్పుడల్లా అది చెయ్యి దాచుకుంటోంది. చూశారా?"

"చూశాను."

"చూసి కూడా అంటున్నారా? రోజుకి నాలుగు మాటలు మాట్లాడతారు. అందులో మూడు అవేనా?"

నేను బయటికి వచ్చి, ఇంకొక్కసారి ఆడమన్నాను. ఈసారి తెర చూడలేదు. మీటర్ కూడా తియ్యలేదు. కింద కూర్చుని కేబుల్ చూశాను. పిడి కిందికి లాగినప్పుడల్లా చిన్న పెట్టె తొడ మీద కాస్త ముందుకు జారుతోంది. కేబుల్ సరిగ్గా మోకాలి అంచున మడత పడుతోంది, మళ్లీ తెరుచుకుంటోంది. ప్రతిసారీ అదే చోట.

తను లేచి గదిలోకి వెళ్లాక, తీగ తెగకుండా ఉన్నంతసేపూ బీప్ మోగించే మీటర్‌ను కేబుల్ రెండు కొసలకూ తగిలించి ఆ మడత దగ్గర వంచాను. బీప్ ఆగింది. కంటి రెప్పపాటు. మళ్లీ మోగింది.

పన్నెండున్నర అయింది. వేలితో ఆ చోటు నొక్కుకుంటూ అలాగే కూర్చున్నాను. అది లిఫ్టు ప్యానెల్ కోసం తెచ్చిన కేబుల్లో మిగిలిన ముక్క. కేబుల్ లోపలి విడి తీగల్ని కోర్లంటాం. ప్రతి కోర్లోనూ ఒకే రాగి తీగ, ఒంటిది. ప్యానెల్లో దాన్ని ఎలా మడిస్తే అలా నిలుస్తుంది. ముప్పై ఏళ్లు కదలదు. అలా నిలిచే తీగే మంచి తీగ అని నా చేతులకు అలవాటు. లిఫ్టు కింద వేలాడే కేబుల్ వేరు. అది రోజంతా వంగుతుంది కాబట్టి లోపల సన్నటి పోగులుంటాయి. దాన్నీ నేనే వేలాడదీస్తాను. ఇంట్లో మనిషి మోకాలు కూడా అలాంటి చోటేనని తోచలేదు.

మరదలికి చెప్పకుండానే చెప్పులు వేసుకున్నాను.

తీగల కొట్టు ఆవిడను మేమంతా రీళ్లమ్మ అంటాం. నేల నుంచి కప్పు దాకా రీళ్లే.

"ఏడు కోర్లు చాలు. లోపల పోగులుండాలి," అన్నాను.

"లిఫ్టులాయన విడిగా పోగుల తీగ అడుగుతున్నాడంటే ఎక్కడో ఏదో కదులుతోంది."

"మోకాలు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మూడు రీళ్లు దించింది. మొదటిదాని తొడుగు మందం. అది పెట్టెను పక్కకు లాగేస్తుంది. రెండోది పట్టీలా బల్లపరుపుగా ఉంది, మెత్తనిదే గాని పైన రక్షణ తొడుగు లేదు. మూడోది ఎనిమిది కోర్లది. ఆవిడ దాన్ని వేలికి చుట్టి వదిలింది. పాత నూలుతాడులా జారిపోయింది.

"ఇది చుట్టిన సంగతి గుర్తుపెట్టుకోదు. ఎనిమిదోది మిగిలితే మిగలనీ, ఒకటి పోయిన రోజున పనికొస్తుంది. మరి దీన్ని పెట్టెకు తగిలించే కనెక్టర్?"

కంప్యూటర్లకుండే తొమ్మిది పిన్నులది తీశాను. రెండు పక్కలా చిన్న మరలున్నది.

"ఊడదీసి పెట్టేదెవరు?"

"మరదలు. ఎడమచేతికి మూడు వేళ్లే."

ఆవిడ అది నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేసింది. గుండ్రటిది ఒక జత ఇచ్చింది. దూరడానికి ఒకటే దారి, చూడకుండా కూడా పెట్టొచ్చు. బిగించే రింగు పెద్దది, అరచేత్తో తిప్పితే చాలు. వెనక కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంప్ ఉంది, లాగినప్పుడు బరువు తొడుగు మీద పడుతుంది, తీగల మీద పడదు.

"మీరు ఎప్పుడూ పిన్నులే లెక్కపెడతారు. వేళ్లు కూడా లెక్కపెట్టుకోవాలి," అంది.

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. మరదలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"హాలుకా?" అన్నాను.

"ఎంగేజ్ వస్తోంది. నా చోటు వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమని చెబుతాను బావా. ఆట మధ్యలో చెయ్యి ఆగిపోతే జాలిపడతారు. ఓడిపోతే పర్లేదు, ఆ జాలి మాత్రం నావల్ల కాదు."

"ఆ ఫోన్ ఒక్క నిమిషం ఆపు."

పాత కేబుల్ తెచ్చి తన ముందే కోశాను. పైతొడుగు చెక్కుచెదరలేదు. కిందికి లాగే వైపు పచ్చ తీగ తోలు కూడా బాగానే ఉంది. దాన్నీ చీల్చాను. లోపల రాగి రెండు ముక్కలై, కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కాస్త వంచితే ఎడమయ్యాయి.

తను ఫోన్ దించింది.

"మూడుసార్లు బాగుందన్నావు."

"అన్నాను."

"వారం నుంచి రోజూ ఈ వేళ్లకు వేన్నీళ్ల కాపడం పెట్టుకుంటున్నాను. నీకు తెలుసా?"

తెలుసు.

"కేబుల్‌ని బల్ల మీద చాపి చూశాను," అన్నాను. "నువ్వు ఆడుతుండగా చూడాల్సింది. తప్పు నాది, నీ చేతిది కాదు."

"ఈ మాటకి వారం పట్టింది," అంది మా ఆవిడ వెనకనుంచి.

టంకం వేసే కడ్డీ వేడెక్కేలోగా తీగల తోలు వలిచాను. మొదటి కనెక్టర్ చక్కగా వచ్చింది. రెండోదాన్ని ముందునుంచి చూసి పిన్నుల వరస వేసుకుని, వెనకనుంచి అంటించాను. వెనకనుంచి చూస్తే వరస తిరగబడుతుంది. మరదలు ఎడమకు లాగితే తెరమీది మనిషి కుడికి పోయాడు. మూడుంబావు. అంటించినవన్నీ విప్పి, పిన్నుల నంబర్లు వెనకవైపే రాసుకుని మళ్లీ అంటించాను. చెమట కళ్లలోకి దిగుతుంటే మా ఆవిడ కొంగుతో తుడిచింది.

మూడున్నరకు మరదలు రింగు అరచేత్తో తిప్పి బిగించింది. పెట్టె తొడ మీద పెట్టుకుంది. కిందికి లాగింది. వంగాడు. ఇరవై. నలభై. కేబుల్ మోకాలి మీద మడత పడుతోంది, జారుతోంది. తను వేగం పెంచింది. డెబ్బై రెండోసారి మనిషి వంగలేదు.

నా చెయ్యి మీటర్ మీదికి పోయింది.

"ఆగు బావా," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. "తొందరపడి ముందే వదిలేశాను. అది నేనే."

"నిజంగానా?"

"నిజంగానే. ఇప్పుడు తేడా తెలుస్తోంది."

మళ్లీ అలాగే కిందికి, ఈసారి నిదానంగా లాగి చూపించింది. వంగాడు. తను నవ్వింది, పొరపాటు చేసి నవ్వడం ఈ వారంలో అదే మొదలు. లేచి పెట్టెలు రెండూ సంచిలో పెట్టుకుని, ఎడమచేత్తో సంచి పట్టుకుని మెట్లు దిగింది.