జీతం తగ్గించమన్న నలభై మంది

లేబర్ కాంట్రాక్టర్ గణపతిరావు పంచిన లడ్డూ తీపి అప్పలసూరి నోట్లో ఉండగానే, అతని భార్య ఈశ్వరి ఆపరేషన్ ఆగిపోయింది.

అది 2016 జూలై. గరివిడి దగ్గర ఓ చిన్న ఫ్యాక్టరీలో ఫర్నేస్ పని చేసే నలభై మందికి జీతం పద్నాలుగు వేల తొమ్మిది వందల నుంచి పదిహేను వేల వందకు పెంచానని గణపతిరావు ప్రకటించాడు. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐకి జీతంలోంచి కోసే రెండు వందల అరవై కూడా ఇక కోయనన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అప్పలసూరే.

ఈశ్వరి కడుపులో గడ్డ. ఆగస్టు పదిన ఆపరేషన్. ఈఎస్ఐ కాగితం మీద సంతకానికి వెళ్తే గణపతిరావు గుమాస్తా దేవేంద్ర తల ఎత్తలేదు. పదిహేను వేలు దాటితే ఈఎస్ఐ లేదట, పేర్లు తీసేశారట. బయట చేయిస్తే అరవై వేలు.

అప్పలసూరికి అప్పుడు వెలిగింది. ఈఎస్ఐకి గణపతిరావు తన వాటాగా మనిషికి ఏడు వందలు కట్టాలి. రెండు వందలు విసిరి ఆ ఏడు వందలు తప్పించుకున్నాడు.

"నా పేనానికి రెండొందలు వెల కట్టేడన్నమాట మావా," అంది ఈశ్వరి.

మర్నాడు అప్పలసూరి ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక గడువనీ, మధ్యలో జీతం ఎంత పెరిగినా అది ముగిసేవరకు ఇద్దరి వాటాలూ కట్టాల్సిందేననీ అక్కడి ఉద్యోగి అనూరాధ చెప్పింది. ఆ సంగతి కాంట్రాక్టరుకి తెలీదా అని అడిగాడు.

"తెలుసు. మీకు తెలీదని కూడా తెలుసు."

అప్పలసూరి చెప్పింది విని, తెల్లారి షిఫ్టు మారే వేళకి నలభై మందీ గేటు దగ్గర ఆగిపోయారు. కరిగిన లోహం దించాల్సిన సమయం. కంపెనీ మేనేజర్ పరుగున వచ్చాడు. వెనకే గణపతిరావు, ఇంకెంత పెంచమంటార్రా అంటూ.

"పెంచొద్దు బాబూ. మా వాటా కోసీండి, మీ వాటా కట్టీండి. లేదంటే ఈఎస్ఐ ఆఫీసుకి ఎల్తాం," అన్నాడు అప్పలసూరి.

గణపతిరావు మండిపడ్డాడు. "కోతే కావాలా? అయితే ఆ రెండొందలూ లేవు. ఈ నెల నుంచి పాత జీతమే. మేనేజరుగారూ, రాసుకోండి."

"రాసీండి బాబూ," అన్నాడు అప్పలసూరి వెంటనే.

పాత జీతమంటే పదిహేను వేల లోపే. సెప్టెంబరు దాటినా ఈఎస్ఐ ఉంటుంది. దేవేంద్ర ఆ మాట చెవిలో చెప్పేసరికి గణపతిరావు మొహం మాడిపోయింది. మేనేజర్ అప్పటికే రాసేశాడు.

ఈఎస్ఐ కాగితం మీద గణపతిరావు చేత సంతకం పెట్టించి తెచ్చిస్తూ, గెలిచావుగా నవ్వొచ్చు కదా అన్నాడు దేవేంద్ర.

అప్పలసూరి నవ్వలేదు. పెళ్లానికి వైద్యం కావాలంటే జీతం తగ్గించమని గేటు దగ్గర అడుక్కోవాల్సి వచ్చింది. కాగితం లాక్కుని ఫర్నేస్ వైపు నడిచాడు.