ఎడమ కాలి పని

నడుము ఆపరేషన్ తర్వాత మా బావ డెస్మండ్‌కి ఎడమ పాదంలో పట్టు పోయింది. నడవగలడు, మెట్లెక్కగలడు. కానీ ఆ పాదం అతని మాట వినదు. క్లచ్ మీద పెడితే సగంలోనే జారిపోతుంది. బార్న్‌స్లీలో వాళ్ళింటి ముందున్న, పడకా వంటిల్లూ అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్ ఏమో గేర్ల బండి. రిటైరయ్యాక మా అక్క ఆవ్రిల్, బావా కలిసి కోరి కొనుక్కున్నది. ఆ వేసవంతా అది కదల్లేదు. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది.

ఆటోమేటిక్ బండి తీసుకోమని డాక్టరుతో సహా అందరూ చెప్పారు. దానికి కుడికాలు ఒక్కటి చాలు.

"అది నడపడం కాదు మేవిస్, కూర్చోవడం," అన్నాడు బావ నాతో. "కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలో నాకు తెలియాలి. అదంతా బండే చూసుకుంటే ఇక నేనెందుకు?"

"అయితే అమ్మేద్దామా?" అంది అక్క.

"అమ్మెయ్."

అన్నాడే గానీ, కాసేపటికి వంటింటి కిటికీలోంచి చూస్తే టీ కప్పు పట్టుకుని ఆ ఆగివున్న బండిలో, స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. అక్క కూడా చూసింది. గిన్నెలు తోముతూ, "నేను నేర్చుకుంటాను," అంది.

అక్కకి కారు నడపడం వచ్చు. కానీ మా నాన్న బొగ్గు గనిలో కాలు పోగొట్టుకున్నాక కొన్న ఆటోమేటిక్ కారులో నేర్చుకుని, అందులోనే పరీక్ష పాసైంది. అలా పాసైనవాళ్ళు ఇక్కడి చట్టం ప్రకారం గేర్ల బండి నడపకూడదు. మళ్ళీ పరీక్ష పాసవ్వాల్సిందే. అరవై దాటిన మనిషి కారుకి ఎల్ బోర్డు తగిలించుకుని మా వీధిలో తిరుగుతుంటే పిల్లలు సైకిళ్ళు ఆపి మరీ చూశారు.

"క్లచ్ ఎక్కడుంటుందో తెలుసా నీకు?" అని బావ వేళాకోళం.

"ఇన్నేళ్ళూ నువ్వు తిట్టుకుంటూ తొక్కావే, అదే కదా!"

నేర్పేవాడి పేరు ఇంతియాజ్. ఓపికస్తుడు. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయి వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే, "కొట్టనివ్వండి మేడమ్, వాళ్ళకి వేరే పని లేదు," అనేవాడట. అయినా మొదటిసారి పరీక్ష పోయింది. ఎత్తు మీద ఆపి కదిలించమంటే కారు వెనక్కి జారింది. అక్క ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. బావ ఈసారి నవ్వలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని, తన చెప్పులు రెండూ ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు.

"ఇది క్లచ్. ఇది యాక్సిలరేటర్. నువ్వు కాలి వంక చూస్తున్నావు, అదే తప్పు. చెవి పెట్టు. క్లచ్ వదులుతుంటే ఒకచోట ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది. అక్కడ కాలు ఆపు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు."

తర్వాత నోటితోనే ఇంజిన్ చప్పుడు చేశాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. వాళ్ళిద్దరూ మాత్రం నవ్వలేదు. రోజూ అదే పని. రెండోసారి అక్క పాసైంది.

వసంతం రాగానే స్కార్‌బరో సముద్రానికి బయల్దేరాం. వెనక సీట్లో నేను. కొండదారిన పోతే మధ్యలో సట్టన్ బ్యాంక్ అనే కొండ ఉంది. గోడెక్కినట్టుండే ఎత్తు, మధ్యలో కొక్కెంలా తిరిగే మలుపు.

"యార్క్ మీదుగా తిన్నగా పోదాం," అన్నాడు బావ.

"మరి నేను నేర్చుకున్నది దేనికి?" అంది అక్క.

సరిగ్గా మలుపులో, ముందు పోతున్న గడ్డి లారీ ఆగిపోయింది. అక్క బ్రేకు తొక్కింది. ఆ కంగారులో క్లచ్ మరిచిపోయింది. ఇంజిన్ ఠక్కున ఆగింది. అలమరలో కప్పులన్నీ వెనక్కి దొర్లాయి. అద్దంలో చూస్తే మా వెనక కార్ల బారు. బండి కాస్త జారినట్టనిపించి నా ప్రాణం పోయింది. బావ చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి వెళ్ళింది.

"చెయ్యి తియ్యి, డెస్," అంది అక్క. అరవలేదు. బ్రేకు తనే బిగించింది.

తీశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

లారీ కదిలింది. అక్క ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఫస్ట్ గేరు. తల కాస్త పక్కకి వంచి విన్నది. ఇంజిన్ గొంతు బరువెక్కింది, బండి ముక్కు కాస్త లేచింది. అప్పుడు బ్రేకు దించింది. బండి ఒక్క అంగుళం వెనక్కి పోకుండా మూలుగుతూ మలుపు తిరిగి, పైకెక్కింది.

పైన బండి ఆపి అక్క దిగింది. బండి మెట్టు మీద కూర్చుంది. బావ టీ కాచి తెచ్చి, పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు.

"నేనైనా అంతకంటే బాగా ఎక్కించలేను," అన్నాడు.

"తెలుసు," అంది అక్క. టీ తాగి, "ఇక దీన్ని ఇచ్చేసి ఆటోమేటిక్ తీసుకుందాం," అంది.

బావ తెల్లబోయాడు. "ఇంత కష్టపడి నేర్చుకుని?"

"చేతకాక అంటున్నానా? ఇప్పుడే చూశావుగా. వచ్చే ఏడాది స్కాట్లాండ్ కొసదాకా పోవాలి. అంత దూరం నేనొక్కదాన్నే తోలాలా? నువ్వు కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చుంటావా? నాకూ పక్క సీట్లో నిద్రపోవాలని ఉంటుంది."

"అది కొంటే నా కాలు పోయిందని నేను ఒప్పుకున్నట్టే, ఆవ్," అన్నాడు బావ, లోయవైపు చూస్తూ.

"పోయింది కదా మరి. కాలు పోతే పోయింది, డ్రైవర్ ఉన్నాడుగా."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. గాలి ఎక్కువగా ఉందన్నాడు. మేమూ అవునన్నాం.

శీతాకాలంలో బండి మారింది. మొదటి రోజు బావ ఎడమ కాలు, అక్కడ లేని క్లచ్ కోసం వెతుక్కుంటూ నేలని తొక్కుతూనే ఉంది. ప్రతి మలుపులోనూ ఆ బండిని తిట్టాడు. "గేరు ఇప్పుడా మార్చేది, తెలివి తక్కువదానా!" అని. తిడుతూనే ఇంటిదాకా నడిపాడు.

వేసవిలో వాళ్ళు స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ దాటి ఉంటారనుకుని బావకి ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. గొంతంతా నిద్ర.

"మీ బావ డ్రైవింగ్‌లో ఉన్నాడే, తర్వాత చెయ్యి," అని పెట్టేసింది.